ఎడమవైపు వదిలిన చోటు

ఫిబ్రవరి 19, బుధవారం

వదినకు,

నీ మరిది రెండు చేతులూ జోడించి రాస్తున్నాడు. నేనింత వినయంగా మొదలుపెడితే నువ్వు నవ్వుతావని తెలుసు. నువ్వూ పిల్లదీ బాగున్నారని తలుస్తాను. నేనూ క్షేమమని రాయబోయి ఆగాను. తింటున్నాను, పనికి వెళ్తున్నాను, అంతవరకు రాయగలను.

నీ ఉత్తరం అందింది. అన్నయ్య నీళ్లలో పోయిన రోజు గాలి సిలిండర్లు నింపే గదికి తాళం వేసి ఏడాదైందని, సోమవారం విచారణాధికారి ముందు తప్పు నాదేనని సంతకం పెట్టేస్తానని రాశావు. ఆ రోజు గొట్టం ఇంకా తగిలించి ఉండగానే, అలవాటు కొద్దీ పుస్తకంలో రెండు వందలని, అంటే నిండుగా ఉందని, ముందే రాసేశావట. గేజీ ముల్లు నిజంగా అక్కడిదాకా వెళ్లిందో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదట. అన్నయ్యా నేనూ నీళ్లలో ఉన్నది ఇరవై నిమిషాలేనని విచారణవాళ్లకు చెప్పింది నేనే. ఇరవై నిమిషాలకే ఖాళీ అయిందంటే సగం నింపిన సిలిండరే అయ్యుంటుందని వాళ్లు తేల్చారు. "ఆయన ఊపిరి నా చేత్తో నేనే తగ్గించాను" అని నువ్వు రాసిన చోట నా కళ్లు ఆగిపోయాయి. అలా అనుకోకు వదినా. ఇరవయ్యేళ్లు సిలిండర్లు నింపిన చెయ్యి నీది.

నా సంగతి చెప్తాను. నీళ్లలో ఫోటోలు తీయడం మళ్లీ మొదలుపెట్టాను. అన్నయ్య దగ్గర సగంలో ఆగిపోయిన చదువు కదా, ఇక్కడ ఒకావిడ దగ్గర చేరాను. మనిషి నిప్పు. మొదటి నెలంతా కెమెరా ముట్టుకోనివ్వలేదు. అడుగున ఇసుకకు జానెడు ఎత్తులో, కాళ్లాడించకుండా, ఊపిరితోనే తేలుతూ ఉండమంది. నేను దబ్బున కూలబడి బురదంతా లేపాను. పైకొచ్చాక, నీకన్నా గేదె నయమయ్యా అంది. తర్వాత ఫ్లాష్ పాఠం. దాన్ని లెన్సు పక్కనే పెడితే నీళ్లలోని నలుసులన్నీ వెలిగి, ఫోటో నిండా పిండి చల్లినట్టుంటుంది. దూరంగా, పక్కకు పెట్టాలి. లోతుకు వెళ్లేకొద్దీ అన్నిటికన్నా ముందు ఎరుపు పోతుంది. మొన్న రాయి గీసుకుని వేలు తెగితే నెత్తురు ఆకుపచ్చగా కనిపించింది. ఆ రోజు కింద దొరికినప్పటి అన్నయ్య పెదవులు గుర్తొచ్చాయి.

మూడు ఫోటోలకొకసారి తలెత్తి, తోడుగా దిగిన మనిషిని చూసుకోవాలని ఈవిడ పెట్టిన నియమం. నేను ఒక్కో ఫోటోకీ చూస్తాను. నాకు తోడుగా దిగే అమ్మాయి నర్సు. మెడ పట్టేస్తే నా దగ్గరికే వద్దువుగాని అని ఆటపట్టిస్తుంది. ఆ అమ్మాయి ఎప్పుడూ నా కుడివైపే ఉంటుంది. బుడగల చప్పుడు మాత్రం ఎడమవైపు నుంచి వస్తుంది వదినా. ఊపిరి బిగబట్టి వింటాను. ఆ అమ్మాయివి కావు, నావి అసలే కావు. తిరిగి చూస్తే ఉత్త నీళ్లు. మతిపోయిందని నువ్వనుకున్నా సరే, అక్కడ ఎవరో ఉన్నారు.

పోయిన వారం ఆవిడ నా ఫోటోలు నలభై దాకా బల్ల మీద పరిచింది. చేప గానీ, రాయి గానీ, ఏది తీసినా కుడి అంచుకే ఒదిగి ఉంది. ఎడమవైపంతా ఖాళీ. తిడుతుందనే అనుకున్నాను. తిట్టలేదు. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, "ఈ చోటు ఎవరి కోసం వదులుతున్నావు?" అని అడిగింది. అన్నయ్య ఎప్పుడూ అటే ఉండేవాడు, టార్చి పట్టుకుని. బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా సిగ్గులేకుండా ఏడ్చాను.

సోమవారం నువ్వు ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. నా మాట విను. పిల్లదాన్ని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మరిది

తా.క.: కవరు అంటించి, రెండు రోజులు దగ్గరే ఉంచుకుని, ఇవాళ మళ్లీ చింపాను. ఇది రాయకుండా పంపితే నేను మనిషినే కాను. మేం లోపల ఉన్నది ఇరవై నిమిషాలు కాదు, యాభై రెండు. మునిగిన పడవ పక్కన అన్నయ్యను నిలబెట్టి తీస్తూనే ఉన్నాను. పైకి పోదామని రెండుసార్లు బొటనవేలు చూపించాడు. రెండుసార్లూ, ఇంకొక్కటి అని నేను వేలు చూపించాను. మూడోసారి దగ్గరికొచ్చి గొంతు మీద అరచేత్తో అడ్డంగా గీశాడు. గాలి అయిపోయిందని దానర్థం, మన పిల్లదానికి కూడా తెలుసు. నా కన్ను కెమెరాలో ఉంది. ఫోటోకు చెయ్యి అడ్డొస్తోందని విసుక్కుని, మోచేత్తో పక్కకు నెట్టాను. తలెత్తేసరికి లేడు.

నీళ్లలో ఎంతసేపున్నామో రాసుకునే నా చేతి మీటర్లో ఆ రోజు రికార్డు నేనే చెరిపేశాను. అన్నయ్యది పాతకాలపు ముల్లు మీటరు, అందులో ఏదీ నమోదు కాదు. కెమెరా కార్డు మాత్రం చెరపలేకపోయాను. నీళ్లలోకి దిగగానే తీసిన మొదటి ఫోటోలో అన్నయ్య తన గేజీని నా వైపు తిప్పి చూపిస్తున్నాడు. నిన్న మీ ఊరొచ్చి, ఆ కార్డు విచారణాధికారి చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పి సంతకం పెట్టాను. మీ వీధి మొగదాకా వచ్చాను. తలుపు తట్టే ముఖం లేక తిరిగొచ్చేశాను. ఫోటోలో ముల్లు రెండు వందల మీదుంది. నువ్వు నిండుగానే నింపావు వదినా.