వడ్డించేలోపు పెరిగే సూప్

మార్చి 3
మౌన శిబిరం మొదలైంది. అరవై మంది. పది రోజులు వాళ్ళెవరూ నోరు విప్పకూడదు. మెనూ రాసి గోడకు అంటించాను: పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం అన్నం, బీన్స్ కూర, సాయంత్రం సూప్. కోయడానికి, కడగడానికి తోడికోడల్ని వెంటబెట్టుకొచ్చాను. ఈసారి బాగా కుదిరితే ఏడాది పొడుగునా శిబిరాలన్నీ నాకే ఇస్తానన్నాడు మేనేజర్. ఇక ఇంటింటికీ తిరిగి వండే బాధ తప్పుతుంది. అది వినగానే ఆవిడగారి కళ్ళు మెరవడం నేను చూడకపోలేదు.

మార్చి 4
మొన్నటి జ్వరం నీరసం ఇంకా వదల్లేదు. ఇక్కడి కూరగాయలు ఉత్త గడ్డి. టొమాటోకి కూడా పులుపు లేదు, ఏం ఎరువులు వేసి చస్తున్నారో! సూప్ చప్పగా ఏడ్చిందని ఇంకో గుప్పెడు ఉప్పు వేశాను.

మార్చి 5
ఒక వింత. దించినప్పుడు గిన్నెలో ముప్పావు ఉన్న సూప్, వడ్డించేసరికి అంచుదాకా వచ్చింది. ఇదేమన్నా పాలా, పొంగడానికి?

మార్చి 6
దొరికింది! నేను అలా బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చేలోపు నా సూప్‌లో వేడినీళ్ళు కుమ్మరిస్తోంది నంగనాచి. పక్కనే ఉడికించిన బంగాళాదుంపలు, మెదిపి సిద్ధంగా. ఏంటే ఇది అంటే, చిక్కబడిందక్కా అని నీళ్ళు నమిలింది. నాకు తెలీదా? నా పేరు చెడగొట్టి కాంట్రాక్టు తన్నుకుపోదామని. ఇన్నాళ్ళూ పక్కలో బల్లేన్ని పెట్టుకుని తిరుగుతున్నాను.

మార్చి 7, మధ్యాహ్నం
పొయ్యి ఛాయలకు రావద్దన్నాను. అయినా, అక్కా ఒక్కసారి రుచి చూడనా అని ఒకటే నస. గరిటె ఎత్తాను. పారిపోయింది.

మార్చి 7, సాయంత్రం
సూప్ కప్పులు వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగొచ్చాయి. మాట్లాడకూడదు కదా, ఒక్కరూ ఏమీ అనలేదు. నీళ్ళ డ్రమ్ము మాత్రం రెండుసార్లు ఖాళీ అయింది. నేను తాగి చూశాను. కాస్త చప్పగా ఉంది, అంతే. ఆ మహాతల్లి ఎప్పుడు చెయ్యి పెట్టిందో!

మార్చి 8
మేనేజర్ వచ్చాడు. మీరేం కంగారు పడకండమ్మా, నిన్న అంత ఉప్పు వేసింది తనేనని మీ తోడికోడలు ఒప్పేసుకుంది, రేపు బస్సెక్కించేస్తాం, కాంట్రాక్టు మీకే అన్నాడు.

అమ్మయ్య అనుకున్నాను. సిగ్గులేకుండా.

కానీ నిన్న అది పొయ్యి దగ్గరికే రాలేదు. రానిస్తే కదా! ఉప్పు వేసింది నేనొక్కదాన్నే.

డబ్బా మూత తీసి చెంచాడు ఉప్పు నోట్లో వేసుకున్నాను. ఇసుక నమిలినట్టుంది. ఇంకో చెంచా వేసుకున్నాను. అదీ అంతే.

మార్చి 9
మేనేజర్‌కు ఉన్నదున్నట్టు చెప్పేశాను. కాంట్రాక్టు సంగతి ఆలోచించి చెబుతాడట. బ్యాగు సర్దుకుంటున్నదాన్ని రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చాను. నాకెందుకు చెప్పలేదే అని అరిచాను. చెబితే నమ్మేదానివా అక్కా అంది.

నమ్మేదాన్ని కాదు.

మార్చి 10
చెంచాతో సూప్ దాని నోటికి అందించాను. ఉప్పు చాల్లేదంది. వేశాను, అది చాలనేదాకా.