రేవు గోదాములో కిటికీ

ఆళ్లగడ్డ, 1978, శనివారం

ఇవాళ నాయనను నంద్యాల కాలువ రేవుకు తీసుకుపోయాను. పడవలు తిరిగిన రోజుల్లో ఆయన అక్కడ బియ్యం మూటలు మోశాడు. ఇప్పుడా గోదామును గదులు చేసి గాజుల కొట్లు, బట్టల కొట్లు, ఐస్‌క్రీం అంగడి పెట్టారు. సాయంత్రమైతే జనం షికారుకొస్తున్నారు. చివరి గది ఖాళీగా ఉంది. కుట్టుమిషన్ పెట్టుకోవడానికి అది నాకు కావాలి. నాయన ఏమంటాడోనని పొద్దుటి నుంచీ దిగులే.

ఐస్‌క్రీం అంగడి గడప దగ్గర ఆగిపోయాడు.

"ఏంది నాయనా?"

"మూట దించి బయటికొస్తాంటిమి పాపా. ఈడ కూచోమన్నోడు లేడు."

అంగడాయన కుర్చీ జరిపి, "రా పెద్దాయనా, కూచో" అన్నాడు. ఐస్‌క్రీం కప్పు ఖాళీ అయినా నాయన లేవలేదు.

తర్వాత గది చూశాం. యజమాని మాది ఏ పేటని అడిగాడు. చెప్పాను. సోమవారం కనపడమన్నాడు. ఆ అడిగిన తీరు ఇంకా మనసులో మెదులుతూనే ఉంది. ఇస్తాడో, ఇవ్వడో...

నాయన అదేమీ విననట్టు గోడ తడుముకుంటూ కిటికీ దాకా పోయాడు.

"మిషను ఈడ ఏసుకో. చెమట పడితే గాలికి ఈన్నే నిలబడతాంటిమి."