గుర్రానికి దిష్టి

చి.ల.సౌ. సుభాషిణికి అత్తయ్య దీవించి రాయునది.

ఇక్కడ నేనూ, నీ కూతురు ఫణిశ్రీ కులాసా. ధవళేశ్వరంలో నువ్వూ, అబ్బాయీ కులాసా అని తలుస్తాను. ఉత్తరం కాబట్టి కులాసా అని రాశాను గానీ, నా మనసేం బాగాలేదు.

నువ్వు ఫోన్లో పంపిన ఉత్తరం ఫణి అక్షరాలు పెద్దవి చేసి చూపించింది. ఆఖరి పోటీ ఏమైంది, ఎవరూ చెప్పరేం అని అడిగావు. చెబుతాను. ముందు మిగతావాటికి జవాబు రాయనీ.

తిండి అడిగావు. ఈ హాలెండ్ వాళ్ళు పొద్దున్నే చల్లటి రొట్టె మీద పచ్చి చేప వేసుకు తింటారు. చూస్తేనే డోకొచ్చింది. నువ్వు కట్టిన కందిపొడితో లాక్కొస్తున్నాం. బాత్‌రూములో నీళ్ళుండవు, కాయితం ఉంటుంది. దాని గురించి ఇంకేం రాయను. గుర్రాల్ని వీళ్ళు ముద్దులాడ్డం చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. చొంగ చొక్కాకి తుడుచుకుని ఆ చేత్తోనే బిస్కట్లు తింటారు. తన గుర్రంతో మన ఫణీ అంతే. చెయ్యి కడుక్కోవే అంటే, "బ్రూనో నాకంటే శుభ్రం మామ్మా, వాడికి రోజూ షాంపూ" అంటుంది.

ఫణి కాలు సంగతి అడిగావు. పెట్టుడు కాలు ఒరుసుకుని మోకాలి కింద ఎర్రబడింది. కొబ్బరినూనె రాస్తున్నాను. గుర్రమెక్కేటప్పుడు ఆ కాలు తీసి నా చేతికిస్తుంది. అంతమందిలో అది పట్టుకుని నిలబడతాను. పిల్ల కిందికి దిగేదాకా నా ప్రాణం నాలో ఉండదు. మనవాళ్ళని తీసుకొచ్చిన మేనేజరు శశిభూషణ్, "ఆ కాలు పట్టుకుని కాస్త ఏడవండి మామ్మగారూ, వీడియోకి బావుంటుంది" అన్నాడు. అప్పట్నుంచీ అతని మొహం చూస్తే నాకు అసహ్యం.

ఇంక పోటీ సంగతి. పరుగుపందెం కాదు గదా, అడుగుల తీరుకే మార్కులు. మొదటిరోజు ఫణి చెప్పినట్టల్లా గుర్రం అడుగులేసింది. ఆఖరిరోజూ ఇలాగే చేస్తే పతకమే అన్నారు. అన్ని కళ్ళూ వాళ్ళ మీదే. నువ్వు బయల్దేరేటప్పుడే చెప్పావు, అత్తయ్యా, అక్కడ మీ దిష్టులూ గిష్టులూ వద్దని. సరేనన్నాను. అని, ఉప్పూ ఎండుమిరపకాయలూ కందిపొడి డబ్బా అడుగున పెట్టుకున్నాను.

ఆఖరిరోజు పొద్దున్నే ఫణికి గదిలో ఉత్త ఉప్పుతో తీసేశాను. కానీ జనం దానికంటే గుర్రాన్నే ఎక్కువ చూశారు గదా. అది తడబడితే పడేది మన పిల్లే. గుర్రపుశాలలో ఫణి జీను తేవడానికి వెళ్ళగానే మిరపకాయలు గుప్పెట్లో పట్టుకుని గుర్రం మొహం ముందు తిప్పాను. ఇంటి దగ్గరైతే పొయ్యిలో పడేద్దును. ఇక్కడ ఆ గడ్డిలో అగ్గిపుల్ల గియ్యకూడదు. ఎక్కడ పారెయ్యనా అని దిక్కులు చూస్తున్నాను. ఆ దరిద్రగొట్టు గుర్రం మూతి చాపి, నా గుప్పెట్లోవి లాగేసి నమిలేసింది.

గుర్రానికి దాని మేత తప్ప ఏదీ పెట్టకూడదట. మిరప ఘాటు కూడా మందు కిందే లెక్కట. రక్తంలో కనబడితే పోటీలోంచి తీసేస్తారట. వచ్చినరోజే ఫణి నాకు విడమర్చి చెప్పింది. నేను పెట్టను గదా, తిప్పుతానంతే అనుకున్నాను.

ముందు శశిభూషణ్‌కే చెప్పాను. అతను అటూ ఇటూ చూసి, "ఎవరూ చూళ్ళేదు గదా? మరైతే ఏం జరగలేదు. అన్ని గుర్రాలకీ రక్తం తియ్యరు. మీరు నోరు మెదపకండి" అన్నాడు.

నాకు హాయనిపించింది సుభాషిణీ. అతని మొహమే చూడలేనిదాన్ని, అతని మాట పట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. నా మీద నాకే రోత పుడుతోంది ఇది రాస్తుంటే. ఇంతలో ఫణి వచ్చి కాలు తీసి, "పట్టుకో మామ్మా" అని నా ఒళ్ళో పెట్టింది. నా చేతికింకా ఆ చొంగ వాసన వదల్లేదు. చెప్పేశాను.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ఎన్ని తిన్నాడు?" అంది.

"గుప్పెడు."

"నీళ్ళు పెట్టావా వాడికి?"

"లేదే."

కాలు మళ్ళీ తగిలించుకుని గుర్రాల డాక్టరు దగ్గరికి బయల్దేరింది. శశిభూషణ్ అడ్డమొచ్చి, "ఇన్నేళ్ళ కష్టమమ్మా, ఒక్కసారి ఆలోచించు" అన్నాడు. "నోరు మండుతున్నవాడి మీద కూర్చుని ఏం ఆలోచించనండీ, తప్పుకోండి" అంది.

డాక్టరు చూసి గుర్రానికేం భయంలేదన్నాడు. పోటీలోకి మటుకు రానివ్వలేదు. పతకం వేరే పిల్లకి వేస్తుంటే ఫణి పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది. నాకు చేతులు రాలేదు. అప్పట్నుంచీ నాతో మాట్లాడుతోంది, పొడి కలిపి అన్నం పెడుతోంది. నవ్వడం లేదు. నవ్వమని నేనెలా అడగను?

గుర్రానికి జ్వరమొచ్చిందని ఊళ్ళో చెప్పమని శశిభూషణ్ మన అబ్బాయికి ఫోన్ చేశాట్ట. ఆ పని చెయ్యకండి. గుర్రం రాయిలా ఉంది. సన్మానం ఎప్పుడని అడుగుతున్న వాళ్ళకి, మా అత్తగారు గుర్రానికి మిరపకాయలు తినిపించింది, అందుకే మా అమ్మాయి పోటీకి దిగలేదు అని నా పేరు పెట్టి చెప్పు. నవ్వుకునేవాళ్ళని నవ్వుకోనీ. పిల్ల ఓడిపోయిందని మటుకు ఎవరినీ అననివ్వకు.

ఈ కాయితం ఫణే ఫోటో తీసి పంపుతుంది. చదివాకే పంపమన్నాను.

ఇట్లు,
మీ అత్తయ్య
వెంకటరత్నమ్మ