డప్పు ముట్టని ఏడు

అక్కా, నాను సెప్తన్నాను, నీ కూతురు రాత్తంది. మనిషి పోయి ఏడు తిరిగేదాకా మన కొండూళ్ళో డప్పు ముట్టం, ధింసా ఆడం కదా. ఆ మాట సెప్పడానికే కొండ దిగి, వైజాగ్ ద్వారకా నగర్‌లో టూరిస్టు ఆఫీసుకెల్లాను.

"ధింసా ఆట లేపోతే మీ ఊరికి బస్సులు ఆపేత్తాను మామ్మా. సిటీ అమ్మాయిలకి మీ కోకలు కట్టి ఆడించమంటావా?" అని నవ్వాడు మేనేజరు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అతిథుల్ని మా ఇళ్ళల్లో ఉంచి వండిపెట్టడం మొదలెట్టిందే మా అక్క. ఆవిడ పోతే ఆట మానడానికి నీ పర్మిషనేటిరా?" అన్నాను.

ఆపేత్తానన్నా నిన్న బస్సొచ్చింది, మేనేజరూ అందులోనే దిగాడు. అతిథులందరికీ అంబలి పోసి, నువ్వెవరివో సెప్పాను. ఆట ఏదని ఒక్కరూ అడగలేదు. మేనేజరొక్కడే డప్పు కోసం ఇల్లిల్లూ ఎతికాడు. వాడికి మాత్రం సుక్క అంబలి పొయ్యలేదక్కా.