మెట్ల దాకా వచ్చిన రొట్టె

ఏమప్పా,

నువ్వు పోయి ఈ ఆదివారానికి ఏడాది. పుంగనూరు చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరమ్మ ఈరోజు బాప్తిస్మం తీసుకున్నోళ్లకే లోపల పంచే ప్రభువు బల్ల రొట్టెను బయటి మెట్ల దాకా తెచ్చింది. పెళ్లాల కోసం కాచుకున్న మగవాళ్లతో, "బాప్తిస్మం లేకుంటే ఏమప్పా, యాల బయటే ఉండారు? ఇది అందరిదీ," అంది.

ముప్పై ఏళ్లు నువ్వు నా కోసం కాచుకుని కూర్చున్న మెట్టు ఖాళీగా ఉంది. ఒకసారి అక్కడే అడిగావు, "నాకూ రవ్వంత తెస్తావా మే?" అని. "బాప్తిస్మం లేనోళ్లు తింటే పాపం," అన్నాను. నువ్వు మోపెడ్ సీటు తుడుస్తూ ఉండిపోయావు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఈరోజు నా రొట్టె ముక్క పట్టుకొచ్చి నీ మెట్టు మీద కూర్చున్నాను. రెండుగా తుంచాను. నా సగం తిన్నాను. నీ సగం ఇంకా నా కొంగు ముడిలోనే ఉంది.