లావణ్య డిజైన్లు

సోమవారం, రాత్రి

నా భార్య లావణ్య మగ్గం వర్క్ డిజైన్లన్నీ ఉన్న లైనక్స్ ల్యాప్‌టాప్‌లో సిస్టమ్ నడవడానికి కేటాయించిన డిస్కు భాగం నిండిపోయింది. డిజైన్లున్న భాగంలో ఖాళీ ఉంది కదా, అందులోంచి కొంత తీసి దీనికి కలుపుదామని సాయంత్రం మొదలుపెట్టాను. ముందుగా డిజైన్లకు వేరే కాపీ తీసుకోలేదు.

దిల్‌సుఖ్‌నగర్ షాపు మూసి వచ్చీ రాగానే లావణ్య అడిగింది. "నా డిజైన్లు ఏం గావు గదా?"

"ఏం గావు" అన్నాను.

పని సగంలో ఉండగా కరెంటు పోయింది. పాత బ్యాటరీ. మధ్యలో ఆగిపోతే ఫైళ్లు పోతాయని స్క్రీన్ మీదే రాసి ఉంది.

"గట్ల చెమటలు పడుతున్నయేంది?"

"ఫ్యాన్ లేదు గదా" అన్నాను. కట్టుకున్న భార్యతో అబద్ధం.

బ్యాటరీ గుర్తు ఎర్రబడ్డాక కరెంటొచ్చింది. పని పూర్తయింది, ఫోల్డర్లన్నీ కనిపించాయి. లావణ్య ఒక నెమలి డిజైన్ తెరిచి చూసుకుని, నిశ్చింతగా పడుకుంది.

నేను మాత్రం ఒక్కో ఫైలూ తెరిచి చూస్తున్నాను. ఇందాక ఒక తామరపువ్వు సగం వరకే వచ్చి, మిగతాదంతా బూడిదరంగులో ఆగిపోయింది. ఇవాళ్టి పనివల్ల చెడిందో, ముందే చెడి ఉందో తెలియదు. రేపు పొద్దున నాగోల్ నుంచి పెళ్లికూతురు తన బ్లౌజు డిజైన్ చూడటానికి వస్తోంది. ఆమె ఫోల్డర్ తెరవడానికి చెయ్యి రావడం లేదు...