మెడ మనది, పొట్ట పక్కింటిది

అమ్మా, ఇక్కడ అందరం కులాసా. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది?

అమ్మమ్మ కాలం నాటి పొడుగు సొర గింజలు నువ్విచ్చినవన్నీ పోయినేడే నాటేశాను. ఆ కాయల్లోంచి దాచిన గింజలు ఈ ఏడు పెడితే, కాయకు మెడ మనది, పొట్ట పక్కింటి దర్జీ ఆవిడ గుండ్రటి సొరది! ఆవిడ చూసి, "పోయినేడే తుమ్మెదలు పెళ్లి చేసేశాయమ్మా, ఇక మనం వియ్యపురాళ్లం" అని ఒకటే నవ్వు. నాకేమో మన విత్తు పోయిందేమోనని బెంగ.

పాత గింజలు నీ డబ్బాలో ఉన్నాయా? తుమ్మెదలు వాలకుండా పువ్వుకు గుడ్డ ఎప్పుడు కట్టాలి? అయినా, ఈ కొత్త కాయల గింజలు నాటితే ఏం కాస్తాయో చూడాలని ప్రాణం లాగుతోంది.

అమ్మమ్మకు నా దణ్ణాలు. ఈ కాయల కూర మాత్రం మన సొరకంటే రుచిగా ఉంది. ఈ ముక్క అమ్మమ్మకు చదివి వినిపించకు.

నీ చిన్నది